మిరపకాయల సంచితో నాటకానికి

మా అమ్మకు దైవభక్తి లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ ఏడు ఏప్రిల్ నెలలో పెదకాకాని శివుడి మీద ఉన్నట్టుండి పొంగుకొచ్చిన భక్తిని మాత్రం నేను నమ్మలేదు. నాన్న అసలే నమ్మలేదు.

"ఎప్పుడు మొక్కుకున్నావే?" అని అడిగాడు, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి.

"తోటకి ముడత తగిలినప్పుడు. మీరు మందుల కొట్ల చుట్టూ తిరిగారు, నేను దేవుడికి చెప్పుకున్నాను. ఏది పనిచేసిందో ఎవరికి తెలుసు? కాయయితే నిలబడిందిగా."

ఆ ఏడు ఆకుముడతతో మా మిరప తోట చచ్చి బతికిన మాట నిజం. దేవుడి వాటా ఎంతో, మందు వాటా ఎంతో తేల్చడం నాన్న వల్ల కాలేదు. పెరుగు వేయించుకుని తల దించుకుని తిన్నాడు.

మాది అద్దంకి పక్కన పల్లెటూరు. మిరప కోసి, కల్లంలో ఎండబెట్టి, గోతాల్లో తొక్కి టిక్కీలు కట్టడం వరకూ ఆడవాళ్ళ చేతులు పడాల్సిందే. ఆ టిక్కీలు లారీ ఎక్కిన క్షణం నుంచి మాత్రం అది మగవాళ్ళ పని. లారీ మీద గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళడం, అక్కడ బేరం కుదుర్చుకోవడం, కాటా వేయించడం, మర్నాడు గొంతు బొంగురుపోయి ఇంటికి రావడం, అన్నీ నాన్నవే. యార్డుకు ఆడవాళ్ళు దేనికన్నది ఆయన మాట.

"నేను యార్డుకు రావట్లేదండీ. పెదకాకాని వెళ్తున్నా. మధ్యలో గుంటూరు ఉంటే అది నా తప్పా?" అంది అమ్మ.

నేను డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. తోడుకి నన్ను తీసుకెళ్తానంది. గుంటూరు అనగానే నాకు ఏసీ హాలు, కొత్త సినిమా, బయటికి రాగానే సెంటర్లో ఐస్‌క్రీమ్, వరసగా కళ్ళ ముందు తిరిగాయి. నేను కూడా చప్పున భక్తురాలినైపోయాను.

అసలు సంగతి బస్సెక్కాక బయటపడింది. గుంటూరులో మా మామయ్య, అంటే అమ్మకు తమ్ముడు, పత్తి మిల్లులో గుమస్తా. అంతకుముందు వారం ఎదురింటి వాళ్ళ ఫోనుకు ఫోను చేశాడు. ఆ ఇంటావిడ నోరు మా వీధికి రేడియో స్టేషను. అందుకని అమ్మ ఫోనులో "ఆహా", "అట్టాగా", "ముందు వరసేనా, ఖాయమేనా" అని మూడు ముక్కలే మాట్లాడి పెట్టేసింది. నాకు పెళ్ళిచూపులేమోనని ఆవిడ ఊరంతా చాటింది. తీరా చూస్తే అది నాటకం. గుంటూరులో ఒక హాల్లో పద్యనాటకం పడుతోంది. సాయంత్రం ఆట. ముందు వరసలో నాలుగు కుర్చీలు మామయ్య పట్టి ఉంచాడు. అమ్మ మొక్కు తీర్చుకునే రోజు, నాన్న సరుకు యార్డులో దిగే రోజు, నాటకం పడే రోజు, మూడూ ఒకటే కావడం శివుడి లీల కాదు, మా అమ్మ లీల.

నాకు ఒళ్ళు మండింది. "గుంటూరు దాకా వెళ్ళి నాటకమేంటమ్మా, ముసలాళ్ళలాగా? చక్కగా సినిమాకి పోదాం" అన్నాను.

"సినిమాలో వన్స్ మోర్ అంటే ఎవడు వింటాడే?" అంది అమ్మ.

అప్పుడు చెప్పింది. నవ్వుతూ మొదలుపెట్టి, మధ్యలో నవ్వడం మానేసి చెప్పింది. మా తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న, నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. రిహార్సళ్ళు వాళ్ళింటి వసారాలోనే జరిగేవి. పద్యాలన్నీ అమ్మకు పాలు తాగినంత తేలిగ్గా వచ్చేశాయి. నాటకం రోజున స్టేజీ మీద నటుడు పద్యం అందుకుని, చివర రాగం తీసి వదిలితే, బాగుందనుకున్నవాళ్ళు జనంలోంచి "వన్స్ మోర్" అని కేకేసేవారు. కేక పడితే ఆ పద్యం మళ్ళీ పాడి తీరాల్సిందే. యుద్ధంలో చచ్చి పడిన వేషం కూడా వన్స్ మోర్ వినబడితే లేచి, పద్యం పాడి, మళ్ళీ చచ్చేదట. అయితే ఆ కేక ఎప్పుడూ మగవాళ్ళదే. ఏడవాల్సిన చోట ఏడవడం ఆడవాళ్ళ వంతు, వన్స్ మోర్ అనడం మగవాళ్ళ వంతు. వాటాలు ఎవరు పంచారో తెలియదు గానీ అలా పంచేశారు.

"చిన్నప్పుడు ఒకసారి నోటిదాకా వచ్చింది. మీ అమ్మమ్మ నా నోరు గట్టిగా మూసేసింది. అప్పణ్ణించీ అది ఇక్కడే ఉండిపోయిందే" అని అమ్మ గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "పెద్ద హాల్లో, మంచి నటుడు మంచి పద్యం పాడినప్పుడు, ఒక్కసారి, ఒకే ఒక్కసారి నేను అడగాలి. ఆయన నాకోసం మళ్ళీ పాడాలి. ఇంకేం వద్దు."

ఆ వయసులో నాకు జాలి వేయలేదు, భయం వేసింది. మా అమ్మ గొంతు సంగతి నాకు తెలుసు. చేను ఆ గట్టు మీదున్న కూలీలను ఈ గట్టు మీద నుంచి అన్నానికి పిలిచే గొంతు అది. మా కాలేజీ వాళ్ళు ఎవరైనా హాల్లో ఉంటే నా గతేం కాను అనుకున్నాను. పద్యనాటకానికి మా కాలేజీ వాళ్ళు ఎందుకొస్తారన్న ఆలోచన మాత్రం రాలేదు.

పెదకాకానిలో దర్శనం శుభ్రంగా జరిగింది. కొబ్బరికాయ కొట్టేటప్పుడు అమ్మ మనసులో తోట ఉందో రాగం ఉందో ఆ శివుడికే తెలియాలి. మధ్యాహ్నానికి గుంటూరు వచ్చి మామయ్య ఇంట్లో అన్నం తిన్నాం. అత్తయ్య కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది కాబట్టి వంట మామయ్యదే. పప్పులో ఉప్పు మర్చిపోయాడు. అమ్మ పల్లెత్తు మాట అనకుండా తింది. మామూలు రోజయితే తమ్ముణ్ణి ఉతికి ఆరేసేది.

ఇక మిగిలింది నాన్న. సరుకు అమ్ముడవగానే సాయంత్రం బస్సుకు అందరం ఇంటికి వెళ్ళిపోవడం ఆయన ప్లాను. ఆయనకు నాటకం ముక్క ఇంకా చెప్పలేదు. మేము యార్డు గేటు దగ్గరికి వెళ్ళేసరికి కాటా ఆలస్యమై, అప్పుడే బయటికి వస్తున్నాడు. మొహం నిండా దుమ్ము, కళ్ళు ఎర్రగా, చంకలో ఒక గుడ్డ సంచి. బావమరిదికి కారానికి ఉంటాయని విడిగా ఏరి తెచ్చిన మేలు రకం కాయలు అందులో ఉన్నాయి. ధర బాగా పలికిందని మొహం చూస్తేనే తెలిసిపోతోంది. అమ్మ దానికోసమే కాచుకుని ఉంది.

"మొక్కు తీరింది, సరుకూ పోయింది. శుభమా అని ఒక నాటకం చూసి పొద్దున్నే వెళ్దామండీ" అంది, చాలా మామూలుగా.

నాన్న అమ్మ వంక చూశాడు, మామయ్య వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. నేను బస్సు బోర్డులు చదవడం మొదలుపెట్టాను.

"ఇదా నీ మొక్కు" అన్నాడు.

"రా బావా, ముందు వరస. మళ్ళీ దొరకదు" అన్నాడు మామయ్య.

నాన్నకు అమ్మ కోరిక పెళ్ళయిన కొత్తలోనే తెలుసట. "వస్తాను గానీ, నలుగురిలో అరిచి నవ్వులపాలు చేశావంటే లేచి బయటికి పోతా. ఆడమనిషి అరిస్తే హాలు హాలంతా మనవైపే చూస్తారు" అన్నాడు.

అమ్మ చీర కొంగుతో ఆయన మొహం మీద దుమ్ము తుడిచింది. రోడ్డు మీద అలా తుడిస్తే ఏ మగాడు ఇంకో మాట మాట్లాడగలడు?

సంచి దగ్గర కాస్త చర్చ జరిగింది. ఇంట్లో పడేసి వద్దామన్నాడు మామయ్య. టైమైపోతోందంది అమ్మ. "పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, నాటకానికి మిరపకాయలేంటే?" అన్నాడు నాన్న.

"కుర్చీ కింద పెట్టుకుంటే పోయె. మిరపకాయలేమన్నా అరుస్తాయా?" అంది అమ్మ.

హాలు నిండిపోయింది. ముందు వరసలో స్టేజీకి కుడివైపు చివర మా నాలుగు కుర్చీలు. నాన్న అంచున కూర్చుని, సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. కిరీటాలూ జరీ బట్టలూ వేసుకున్నవాళ్ళకు చెమట పట్టకుండా స్టేజీ వైపు తిప్పి పెట్టిన నిలువెత్తు ఫ్యాను ఒకటి సరిగ్గా నాన్న పక్కనే ఉంది. గాలి తగులుతుందని ముచ్చటపడి మరీ ఆ కుర్చీ తీసుకున్నాడు.

తెర లేచింది. హార్మోనియం మోగగానే అమ్మ నడుం నిటారుగా అయింది. మొదట వచ్చిన చిన్న వేషాల పద్యాలను పెదాలతో తనూ చెబుతూ, తల అడ్డంగా ఊపుతూ, "ఊహూ" అంటోంది. కొందరు మగవాళ్ళు వాటికే వన్స్ మోర్ అన్నారు. అమ్మ వాళ్ళను చూసిన చూపుకు నేనైతే జన్మలో మళ్ళీ నోరెత్తను. తన ఒక్క కేకను చవగ్గా ఖర్చు పెట్టే ఉద్దేశం ఆమెకు లేదు. రాజు వేషం కోసం చూస్తోంది.

రాజు వచ్చాడు. నటుడు పేరున్నవాడే. వయసు మళ్ళినా మనిషి కోటగుమ్మంలా ఉన్నాడు. ఆయన మొదటి పద్యం ఎత్తుకోగానే నాటకమంటే ఇష్టం లేని మా నాన్న పాదం తాళం వేయడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఆయనకే తెలియదు. కింద నేల లేదు, సంచి ఉంది. ఆ సంచిలో ఏప్రిల్ ఎండకు గలగలలాడే ఎండుమిరపకాయలు ఉన్నాయి. పద్యం ఊపందుకున్నకొద్దీ నాన్న కాలూ ఊపందుకుంది.

రాజు రాగం పైకి తీశాడు. తీసినవాడు సగంలో ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ అందుకోబోయి దగ్గాడు. కిరీటం ముందుకు జారేలా దగ్గాడు. హార్మోనియం ఆయన తుమ్మాడు. తబలా ఆయన తబలాలు వదిలేసి మొహం కండువాలో దాచుకున్నాడు. స్టేజీ మీద బల్లేలు పట్టుకున్న భటులిద్దరూ ఒకరి వీపు ఒకరు తట్టుకుంటున్నారు. అక్కణ్ణించి గాలి వెనక్కి తిరిగి ముందు వరసల మీద పడింది. కోటు వేసుకున్న పెద్దమనుషులు, నగలు పెట్టుకున్న ఆడవాళ్ళు, అందరూ ఏడుపే. హాల్లో అంతమంది ఒకేసారి కన్నీళ్ళు పెట్టుకున్న సీను ఆ నాటకంలో ఇంకెక్కడా లేదు. తెర దించేశారు.

జేబుకు రిబ్బను పువ్వు పెట్టుకున్న నిర్వాహకుడు ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వరసలు వెతుక్కుంటూ వచ్చాడు. తిన్నగా మా ముందు ఆగాడు. ఎందుకంటే మామయ్య తప్ప మేము ముగ్గురం హాయిగా కూర్చుని ఉన్నాం. మాకు దగ్గు లేదు, తుమ్ము లేదు. పుట్టినప్పటి నుంచీ పీల్చే గాలే అది. ఏదో వాసన మారిందన్న సంగతి కూడా మాకు తెలియలేదు.

"యార్డు నుంచి వస్తున్నారా అండీ?" అని అడిగాడు ఆయన.

"అవునండీ. మీకెట్టా తెలిసింది?" అన్నాడు నాన్న, ఎంతో మర్యాదగా.

మామయ్య మాట్లాడలేక, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ, నాన్న కాలి వైపు వేలు చూపించాడు. నాన్న కాలు తీశాడు. సంచిలో కాయలు లేవు. మెత్తగా కొట్టిన కారం ఉంది.

ఆ మనిషి తిట్టలేదు. తిట్టడానికి ఊపిరి ఉంటేగా. సంచిని ఇద్దరు మనుషులు పాముని మోసుకెళ్ళినట్టు దూరంగా పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. "మీరూ కాస్త వెనక్కి కూర్చోండి బాబూ, మీ బట్టల్లో కూడా ఘాటుంది" అని మమ్మల్ని చివరి వరసలో, తెరిచి ఉంచిన తలుపు పక్కన కూర్చోబెట్టాడు. ముందు వరస నుంచి చివరి వరస దాకా నడిచిన ఆ నడక నా జీవితంలో నేను నడిచిన అన్నిటికన్నా పొడుగు. రెండు పక్కలా తుమ్ములే తుమ్ములు.

హాలు వాళ్ళు ఫ్యాన్లన్నీ తిప్పి, నీళ్ళు చల్లి, గాలిని కాస్త తేలిక చేసేదాకా అమ్మ మూసిన తెర వైపే చూస్తూ కూర్చుంది. చివరికి మామయ్యతో, నాన్నకు వినబడకూడదనుకుంటూనే వినబడేలా అంది.

"ఇక్కణ్ణించి స్టేజీ మీదోళ్ళ మొహాలే కనపడట్లేదు. నేను అడిగితే ఆయనకేం వినపడుద్దిరా. పోనీలే, నాకింతే రాసుంది."

పొద్దుట్నుంచీ ఆవిడ అరుస్తుందేమోనని భయపడినదాన్ని, అరవదేమోనని అప్పుడు బాధపడ్డాను. నాన్న కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఘాటుకి కాదని నాకు తెలుసు.

మళ్ళీ తెర లేచింది. రాజు మంచినీళ్ళు తాగి, కిరీటం సరిచేసుకుని వచ్చాడు. ఆగిపోయిన పద్యమే మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి గొంతుకు ఏం పట్టుదల వచ్చిందో గానీ, ఒక్కో మాటనూ విడదీసి, కూర్చి, నిలబెట్టాడు. నాకు అందులో సగం మాటలు అర్థం కాలేదు. రాజ్యం పోయినవాడు కొడుకును తలచుకుంటున్నాడని మాత్రం తెలిసింది. చివర రాగం తీశాడు. అది అలా సాగి, సన్నబడి, హాలు చివర మా దాకా వచ్చి, తెరిచిన తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. సినిమా గొడవ నేను పూర్తిగా మర్చిపోయాను.

రాగం ఆగింది. ముందు వరసల్లో మగవాళ్ళు ఇంకా ముక్కులు తుడుచుకుంటున్నారు. ఎవరూ అడగలేదు. ఒక్కరూ అడగలేదు. అమ్మ నోరు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. ముందుకు వంగి ఎదుటి కుర్చీని రెండు చేతులా పట్టుకుంది. స్టేజీ మీద రాజు పక్కకు తిరిగి మంత్రితో తరవాతి మాట అనబోతున్నాడు.

"అడగవే" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన వైపు తిరిగింది.

"కాలు నాది, తప్పు నాది. చూస్తే చూడనీ అందర్నీ. అడుగు" అన్నాడు.

అమ్మ లేచి నిలబడింది.

"వన్స్ మోర్."

చేను ఆ గట్టు దాకా వెళ్ళే గొంతు అది. ఆ హాలు ఒక లెక్కా. రాజు మంత్రి వైపు చెయ్యి చాపినవాడు చాపినట్టే ఆగిపోయాడు. వరసలు వరసలుగా తలలు వెనక్కి తిరిగాయి. మిరపకాయల వాళ్ళే అని ఎవరో అన్నారు, నవ్వులు లేచాయి. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను గానీ, అమ్మ కొంగు చివర మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

నటుడు స్టేజీ అంచుకు వచ్చి, లైట్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికాడు. "ఎవరమ్మా అడిగింది? ఇందాకటి మిరపకాయలు కూడా మీవేనా తల్లీ?" అన్నాడు, మైకులో. హాలంతా గొల్లుమంది.

అమ్మ కూర్చోలేదు. "కాయలు మావేనండీ. పద్యం మీది. మళ్ళీ పాడండి" అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఆ రాజు, పగటివేళ ఏ ఉద్యోగం చేసుకునే మనిషో నాకు తెలియదు, కిరీటం కదలకుండా రెండు చేతులూ ఎత్తి మా అమ్మకు దణ్ణం పెట్టాడు. హార్మోనియం వైపు చూసి తలూపాడు. మొదటి అక్షరం నుంచి మళ్ళీ పాడాడు.

అది పాడినంతసేపూ అమ్మ నిలబడే ఉంది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. నాన్న లేచి బయటికి పోలేదు. పైగా వెనక్కి తిరిగి చూస్తున్న వాళ్ళందరికీ, అవును ఈమె నా భార్యే అన్నట్టు ఒక్కొక్కరికీ తలూపుతూ కూర్చున్నాడు. మామయ్య ఏడుస్తున్నాడో ఇంకా ఘాటు దిగలేదో చెప్పలేను. నాకైతే అంత సంతోషం అంతకుముందెప్పుడూ తెలియదు. మా అమ్మ ఏదైనా అడిగితే అంతమందిలో ఒకరు ఆగి ఇవ్వడం నేను చూడటం అదే మొదలు.

కథ ముందుకు సాగింది. యుద్ధం దగ్గరపడింది. రాజు ఇంకో పద్యం పాడి, రాగం తీసి వదిలాడు. ఈసారి ముందు వరసల మగవాళ్ళు తేరుకున్నారు. కోట్లు వేసుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా వన్స్ మోర్, వన్స్ మోర్ అని హాలు ఎగిరిపోయేలా కేకలు పెట్టారు. రాజు వాళ్ళ వంక చూడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని నేరుగా చివరి వరస వైపు, తలుపు పక్కకు చూశాడు.

నాన్న అమ్మ వైపు వంగాడు. "ఏం చెప్పమంటావే ఆయనకి?" అన్నాడు.

అమ్మ స్టేజీ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"దీనికి వద్దులెండి. కథ నడవనివ్వమనండి" అంది.